1978 సెస్నా 172ఎన్ రివ్యూ: తయారీ మళ్లీ మొదలెట్టారు సరే, పాతదాని రేటు ఎందుకు దిగలేదు?

రేటింగ్ ముందే ఇచ్చేస్తాను. విమానానికి అయిదుకి నాలుగున్నర. ఇప్పుడు మార్కెట్లో దానికి అడుగుతున్న రేటుకి మూడు, అది కూడా మొహమాటం కొద్దీ. మేం ముగ్గురం కలిసి కొనుక్కుని డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టులో పెట్టుకున్న 1978 మోడల్ సెస్నా 172ఎన్ గురించి ఈ రివ్యూ. సెస్నా అనే అమెరికన్ కంపెనీ చేసే నాలుగు సీట్ల చిన్న విమానం 172, చివరి అక్షరం దాని మోడల్‌ని చెబుతుంది. తయారీ పదేళ్లు ఆగి మళ్లీ మొదలయ్యాక వచ్చిన 172ఎస్‌ని కూడా క్లబ్బులో అద్దెకి తీసుకుని బాగానే నడిపాను కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి చెబుతాను.

ఇక్కడ పైలట్ లైసెన్స్ తీసుకున్న మనవాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే ప్రశ్న. "అన్నా, సెస్నా వాళ్లు ఇప్పటికీ కొత్తవి తయారు చేస్తూనే ఉన్నారుగా, మరి మనం పుట్టకముందు నాటి డొక్కు విమానానికి లక్ష డాలర్లేంటి? ఇంకో ఏడాది ఆగితే దిగదా?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. కార్లలో అలాగే జరుగుతుంది, ఫోన్లలో ఇంకా ఘోరంగా జరుగుతుంది. చిన్న విమానాల్లో మాత్రం ఆ లెక్క పనిచేయలేదు, పైగా చాలాచోట్ల తిరగబడింది. అది అర్థం కాకుండా 172ఎన్ ధర మంచిదా కాదా అని తేల్చలేం, అందుకే ఫ్లయింగ్ సంగతుల కంటే ముందు ఆ కథే చెబుతాను.

1978లో అమెరికాలో 17,811 జనరల్ ఏవియేషన్ విమానాలు, అంటే ఎయిర్‌లైన్స్‌వీ మిలిటరీవీ కానివి, తయారయ్యాయి. 1994లో ఎన్నో తెలుసా, 928. మధ్యలో ఇంధనం ధరలు, వడ్డీ రేట్లు, అప్పటికే పేరుకుపోయిన సెకండ్ హ్యాండ్ విమానాలు, ఇలా కారణాలు చాలానే ఉన్నాయి కానీ కంపెనీలు గట్టిగా చూపించిన కారణం కోర్టు కేసులు. అప్పట్లో ముప్ఫై ఏళ్ల కిందట అమ్మిన విమానం కూలినా తయారుచేసినవాడి మీద దావా వేయగలిగేవాళ్లు, దాంతో ఇన్సూరెన్స్ ఖర్చు ప్రతి కొత్త విమానం బిల్లులోకి ఎక్కేది. సెస్నా 1986లో చిన్న పిస్టన్ ఇంజిన్ విమానాల తయారీ ఆపేసింది. అప్పటి చీఫ్ రస్ మేయర్, చట్టం మారితే మళ్లీ మొదలుపెడతామని చెప్పి కూర్చున్నాడు. 1994 ఆగస్టు 17న క్లింటన్ సంతకం చేసిన జనరల్ ఏవియేషన్ రివైటలైజేషన్ యాక్ట్ వచ్చింది. విమానం పద్దెనిమిదేళ్లు దాటాక తయారీదారు మీద కేసులకి దాదాపు తెరపడింది. మాట ప్రకారం సెస్నా కాన్సాస్ రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే చిన్న ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ కట్టింది, 1996లో తెరిచింది, 1997 నుంచి 172ఆర్‌లు కొనుగోలుదారుల చేతికి వెళ్లాయి. తర్వాత ఏడాది 172ఎస్.

ఈ పదేళ్ల ఖాళీలో పాత 172లకి ఏమైందంటే, అవి పాతబడడం ఆగిపోయింది. లోహం పాతబడుతూనే ఉంది, ధర మాత్రం పాతబడలేదు. కొనాలంటే 1986 కంటే కొత్తది దొరకదు కదా, ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలి. 172 ఒక్కటే మొదటి ముప్ఫై ఏళ్లలో ముప్ఫై అయిదు వేలకు పైగా తయారైన విమానం కాబట్టి కొరత అని చెప్పలేం, కానీ ఆ లెక్క ఏటా తగ్గేదే తప్ప పెరిగేది కాదు. ప్రమాదాల్లో పోయేవి, తుప్పు పట్టి మూలపడేవి, వేరే దేశాలకి వెళ్లిపోయేవి, పార్టుల కోసం విప్పేసినవి.

ఫ్యాక్టరీ తెరుస్తున్నారనగానే పాతవి అమ్ముకోవాలనుకున్నవాళ్లకి టెన్షన్ పట్టుకుంది. కొనేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తీరా కొత్త 172ఆర్ రేటు బయటికొచ్చింది: 1,24,500 డాలర్లు. 1997 డాలర్లు అవి, గుర్తుంచుకోండి. అప్పట్లో ఆ డబ్బుకి డెబ్బైల నాటి మంచి 172లు ఒకటి కాదు, రెండు కొనుక్కుని ఇంకా మిగుల్చుకోవచ్చు. కొత్త విమానం చూద్దామని వచ్చినవాళ్లలో చాలామంది ఆ రేటు చూసి తిన్నగా పాత విమానం కొనడానికే వెళ్లారు.

హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. పక్క వీధిలో కొత్త వెంచర్ అడుగు తొమ్మిది వేలకి మొదలెట్టాడని తెలిసిన మర్నాడే, పదిహేనేళ్ల పాత అపార్ట్‌మెంట్లో ఉన్న అంకుల్ తన ఫ్లాట్ రేటు పెంచేస్తాడు. లిఫ్టు పనిచేయకపోయినా సరే. కొత్త సప్లయ్ వచ్చి పాతదాన్ని కిందికి లాగాలంటే రెండూ ఒకే జేబుకి అందుబాటులో ఉండాలి. అందనంత ఎత్తులో ఉంటే కొత్తది పాతదానికి పోటీ ఇవ్వకపోగా, "దాంతో పోలిస్తే నాది చవకే" అని చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మేం విమానం వెతుక్కునేటప్పుడు ఒక బ్రోకర్ సరిగ్గా ఇదే పాట పాడాడు. ఇంజిన్ దాదాపు అయిపోయిన, రంగు వెలిసిన ఒక 172ఎమ్ చూపించి, "కొత్తది నాలుగు లక్షలు దాటింది సర్, దీనికి నేను అడుగుతున్నది ఎంత?" అని. కొత్తది నాలుగు లక్షల డాలర్లు దాటిన మాట నిజమే. కానీ ఆయన దగ్గరున్న విమానానికీ ఆ నాలుగు లక్షలకీ ఏం సంబంధం? మేం నాలుగు లక్షలు పెట్టేవాళ్లం కాదు, ఎప్పటికీ కాము. కొత్తదాని రేటుతో పోల్చి ఎవరైనా పాతదాన్ని అమ్మబోతే అక్కడే చర్చ ఆపేసి, విమానం ఎగిరిన గంటలూ చేసిన రిపేర్లూ రాసే లాగ్‌బుక్‌లు అడగండి. ఆయన లాగ్‌బుక్‌ల దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు, అది వేరే సంగతి.

ఇంకో లెక్క కూడా ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇండిపెండెన్స్ ఫ్యాక్టరీ నుంచి ఏడాదికి వచ్చే 172లు వందల్లోనే. అప్పటికే ఎగురుతున్నవి వేలకి వేలు. అందులోనూ కొత్తవాటిలో పెద్ద వాటా ఫ్లయింగ్ స్కూళ్లు తీసుకుంటాయి, కొంత విదేశాలకి వెళుతుంది. మనలాంటి వారాంతపు పైలట్ ఇంటి ముందుకి వచ్చేవి ఎన్ని? సముద్రంలో చెంబెడు నీళ్లు పోశారని మట్టం పెరుగుతుందా.

అలాగని ఫ్యాక్టరీ తెరవడం వల్ల పాత మార్కెట్ మీద ఏ ప్రభావమూ లేదంటే అదీ అబద్ధమే. ప్రభావం ఉంది, మనం చూసే చోట కాదు. మార్కెట్ రెండుగా చీలింది. 1986కి ముందువి ఒక గుంపు, 1996 తర్వాతవి ఇంకో గుంపు. ఇప్పుడు అమ్మకానికి పెట్టే ప్రకటనలు చూస్తే మధ్యలో ఒక గోతిలా కనబడుతుంది, అటువైపు రేటు వేరు, ఇటువైపు రేటు వేరు. స్కూళ్లకి కావాల్సింది అటువైపువి: ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్, లోపలి లోహానికి తుప్పు పట్టకుండా ముందే ప్రైమర్ కొట్టిన బాడీ, గట్టి సీట్లు, అన్నీ ఒకేలా ఉండే ప్యానెల్. స్కూలుకి పది విమానాలు ఒకేలా ఉంటేనే సుఖం. కాబట్టి స్కూళ్ల గిరాకీ పెరిగినప్పుడు ముందు అటువైపు ధర లేస్తుంది, అక్కడ అందని చిన్న స్కూళ్లు ఇటువైపు వస్తాయి, అప్పుడు మన 172ఎన్‌లు, 172పీలు కూడా లేస్తాయి. 2020 తర్వాత జరిగింది ఇదే. ఎయిర్‌లైన్స్‌కి పైలట్లు కావాలి, స్కూళ్లకి విమానాలు కావాలి, కొత్తది ఆర్డర్ పెడితే ఏడాదికి పైగా క్యూ. ఫలితంగా రెండువేల సంవత్సరం ప్రాంతంలో కొన్న 172ఎస్‌లు కొన్ని, కొత్తగా కొన్నప్పటి బిల్లు కంటే ఎక్కువకి అమ్ముడయ్యాయి, రెండు దశాబ్దాలు వాడాక. అంటే ఫ్యాక్టరీ నడుస్తుండగానే, ప్రతి ఏడూ కొత్తవి వస్తుండగానే పాతవి ఎక్కాయి. ద్రవ్యోల్బణం తీసేస్తే లాభం అంత గొప్పది కాదు లెండి, కానీ ఏడాది ఆగి కొందామనుకున్నవాళ్లకి ఆ ఓదార్పు ఎందుకు పనికొస్తుంది.

అటువైపు గుంపులోనూ మెట్లున్నాయి. 172ఆర్, 172ఎస్ రెండిట్లోనూ ఇంజిన్ ఒకటే, లైకమింగ్ ఐవో-360-ఎల్2ఏ. ఆర్‌లో దాన్ని 2,400 ఆర్‌పీఎమ్‌కి కట్టేసి 160 హార్స్‌పవర్ అన్నారు, ఎస్‌లో 2,700కి వదిలి 180 అన్నారు. ఎస్ వచ్చిన రోజే ఆర్ పాతబడిపోయింది పాపం, ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో ఆర్ కొంచెం తక్కువకే పోతుంది. బేరం ఆడేవాళ్లకి అక్కడ అవకాశం ఉంది. తర్వాత 2005 ప్రాంతం నుంచి గార్మిన్ జీ1000 గ్లాస్ కాక్‌పిట్, అంటే అన్నీ తెరల మీద కనబడేది, వచ్చింది, దాంతో గుండ్రటి గడియారాల్లాంటి స్టీమ్ గేజ్‌లున్న ఎస్‌లు ఒక మెట్టు దిగాయి. జీ1000 ఉన్నవాటిలో కూడా మొదటి రెండేళ్లవి చూసుకుని కొనాలి. వాటిలో ఆటోపైలట్ పాత కేఏపీ 140, జీపీఎస్‌లో కచ్చితత్వం పెంచే వాస్ లేదు, పెట్టించాలంటే బిల్లు బాగానే పేలుతుంది. గ్లాస్ అని మురిసి కొన్నవాళ్లలో కొందరికి ఈ సంగతి ఏటా చేయించే తనిఖీకి (యాన్యువల్) షాపులో పెట్టాకే తెలుస్తుంది.

సరే, ఇక మా విమానం.

172ఎన్ 1977 నుంచి 1980 దాకా వచ్చింది. 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్, కార్బ్యురేటర్. ఈ ఇంజిన్ పేరు చెబితే పాత మెకానిక్‌లు మొహం చిట్లిస్తారు. మొదట్లో ఇంజిన్ వాల్వులని కదిపే క్యామ్, లిఫ్టర్లు గీసుకుపోయేవి, తర్వాత లైకమింగ్ మార్పులు చేసింది, ఆయిల్‌లో వాళ్ల అడిటివ్ వేయడం తప్పనిసరి అయింది. స్పార్క్ ఇచ్చే రెండు మాగ్నెటోలు ఒకే డబ్బాలో ఒకే డ్రైవ్ మీద నడుస్తాయి, అది కూడా నచ్చనివాళ్లకి నచ్చదు. నా అనుభవంలో ఈ ఇంజిన్‌కి అసలు శత్రువు ఎగరడం కాదు, ఎగరకపోవడం. వారానికోసారి తిప్పే విమానంలో ఇది హాయిగా నడుస్తుంది. నెలల తరబడి టై-డౌన్‌లో, అంటే ఆరుబయట తాళ్లతో కట్టి, ఎండకీ వానకీ నిలబెట్టిన దాంట్లో క్యామ్ తుప్పు పట్టి ఉంటుంది, లాగ్‌లో "ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం) తర్వాత 400 గంటలే" అని ఎంత ముచ్చటగా రాసున్నా. అందుకే గంటలు తక్కువున్న ఇంజిన్ చూసి ఎగిరి గంతేయొద్దు, ఆ గంటలు ఎన్నేళ్లలో తిరిగాయో చూడండి. పదిహేనేళ్లలో నాలుగు వందల గంటలంటే నేనైతే దాన్ని రన్‌అవుట్, అంటే ఆయుష్షు అయిపోయిన ఇంజిన్ కిందే లెక్కేసి బేరం మొదలెడతాను. ఓవర్‌హాల్ ఇప్పుడు ముప్ఫై వేల డాలర్లకి తక్కువ కావడం లేదు, విమానం విలువలో అదే పెద్ద ముక్క.

నడపడానికి మాత్రం బంగారం. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్‌లు నలభై డిగ్రీలు దిగుతాయి. తర్వాత వచ్చిన పీ, ఆర్, ఎస్ అన్నిట్లో ముప్ఫైకే ఆపేశారు. టెక్సస్‌లో చిన్న గడ్డి రన్‌వేల మీద నలభై వేసి దింపితే ముక్కు కిందికి పెట్టి నిటారుగా దిగుతుంది, కనబడేదంతా నేలే, మొదటిసారి పక్క సీట్లో కూర్చున్న మా బావమరిది సీటు అంచులు పట్టుకుని "ఇదేంటి, పడిపోతున్నామా" అన్నాడు. అదే నలభైతో గో-అరౌండ్ చేయాల్సొస్తే, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాల్సొస్తే, మాత్రం విమానం పైకి ఎక్కనని మొరాయిస్తుంది, వేసవి మధ్యాహ్నం నలుగురితో ఉంటే ఆ సరదా వద్దు. క్రూజ్‌లో మాకు 110 నాట్ల అటూ ఇటూ, గంటకి ఎనిమిది, ఎనిమిదిన్నర గ్యాలన్లు. పుస్తకంలో ఇంకా ఎక్కువ వేగం రాసి ఉంటుంది, అది కొత్త విమానానికీ కొత్త రంగుకీ రాసిన లెక్క.

ఇప్పుడు 172ఎస్ పక్కన పెడితే. గాల్లో పైకి ఎక్కేటప్పుడు తేడా స్పష్టం, ఇరవై హార్స్‌పవర్ ఊరికే పోలేదు. కార్బ్యురేటర్‌లో మంచు పట్టే గొడవ లేదు. సీట్లు, నిశ్శబ్దం, వెంటిలేషన్, అన్నీ మెరుగే. కానీ వేసవిలో పెట్రోలు కొట్టించుకుని పది నిమిషాల్లో మళ్లీ స్టార్ట్ చేయబోతే ఆ ఇంజెక్షన్ ఇంజిన్ పెట్టే పేచీ చూడాలి, ర్యాంప్ మీద అందరూ మనవైపే చూస్తుంటారు. ఎగరడానికి ముందు తనిఖీలో (ప్రీఫ్లైట్) పెట్రోలు శాంపిల్ తీయాల్సిన డ్రెయిన్లు పదమూడు, రెక్కకి అయిదేసి, కింద మూడు. చేతులంతా నూట పది ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో పెట్రోలు వాసన. మా ఎన్‌లో ఈ తతంగం చిటికెలో అయిపోతుంది.

బరువు విషయంలో ఎవరూ పెద్దగా చెప్పని ముచ్చట ఒకటుంది. ఎన్ గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు, ఎస్‌ది 2,550. రెండు వందల యాభై పౌండ్లు ఎక్కువ మోస్తుందనుకుంటాం కదా. మోయదు. ఆ సీట్లు, ఆ సౌండ్ ప్రూఫింగ్, ఆ ప్యానెల్, అన్నీ కలిసి ఖాళీ విమానం బరువే దాదాపు అంత పెరిగింది. చివరికి మనుషులూ సామానూ పెట్రోలూ కలిపి మోసే బరువు రెండిట్లోనూ 870 పౌండ్ల దగ్గర దగ్గరే. ఎస్‌లో ట్యాంకులు పెద్దవి, 53 గ్యాలన్లు వాడుకోవచ్చు, నిండా పోస్తే 318 పౌండ్లు పెట్రోలుకే పోతాయి. ఎన్‌లో మామూలు ట్యాంకులు 40 గ్యాలన్లు, 240 పౌండ్లు. అంటే ట్యాంకు నింపి మనుషుల్ని ఎక్కించుకోవాల్సి వస్తే పాతదే ఎక్కువమందిని మోస్తుంది, కొత్తది ఎక్కువ దూరం పోతుంది. నలుగురు మనవాళ్లు, వెనక ఆవకాయ జాడీలతో సహా ఆస్టిన్ వెళ్లాలంటే నాకు ఎన్ చాలు.

బలం చాలదనుకునేవాళ్లకి ఎన్‌లో 180 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టించే ఎస్‌టీసీలు, అంటే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదించిన మార్పులు, ఉన్నాయి, కాన్సాస్‌లోనే వెల్లింగ్టన్ అనే ఊళ్లో ఎయిర్ ప్లెయిన్స్ వాళ్లు చేస్తారు. గరిష్ఠ బరువు 2,550 అవుతుంది, బదులుగా ఫ్లాప్‌లు ముప్ఫై డిగ్రీలకి పరిమితం. అలా మార్చిన ఎన్ దొరికితే అది చాలా విషయాల్లో ఎస్‌ని మించిపోతుంది, మోసే బరువులో అయితే చెప్పక్కర్లేదు. నన్నడిగితే తయారీ మళ్లీ మొదలవడం వల్ల గట్టిగా లాభపడింది ఈ మార్పులు చేసిన పాత విమానాలే. ఎస్ రేటు పెరిగే కొద్దీ, "ఎస్ చేసేదంతా చేస్తుంది, రేటు మాత్రం అంత కాదు" అని వీటి విలువ కూడా పెరుగుతూ వచ్చింది.

ఇంకో లాభం పార్టులు. దీన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీ నడుస్తుంటే పార్టులు తయారుచేసేవాడు ఉంటాడు, మాన్యువల్స్ అప్‌డేట్ అవుతాయి, సమస్యలు బయటపడితే ఇంజనీర్లు ఫోన్ ఎత్తుతారు. రేట్లు గుండె పట్టుకునేలా ఉంటాయి, ప్లాస్టిక్ ముక్కకి కూడా వందల్లో బిల్లు వేస్తారు, కానీ దొరుకుతుంది. దొరకడమే పాత విమానం ధరని నిలబెట్టే సగం బలం.

ఇది నిజమో కాదో చూడాలంటే తయారీ మళ్లీ మళ్లీ ఆగిన బ్రాండ్లని చూడాలి. మా టెక్సస్‌లోనే కెర్‌విల్‌లో మూనీ అనే చిన్న విమానాల కంపెనీ ఉంది. 2008లో తయారీ ఆపింది, చైనా పెట్టుబడి వచ్చాక 2014లో మళ్లీ మొదలెట్టింది, అటూ ఇటూ తలుపున్న కొత్త మోడళ్లు 2017లో సర్టిఫై చేయించింది, 2019 చివర్లో మళ్లీ ఆగింది. ఆ కొత్త మూనీలు ఏడు లక్షల డాలర్ల పక్షులు. అరవై, డెబ్బైల నాటి మూనీ ఎమ్20 కొనుక్కున్న మనిషికి వాటితో సంబంధం ఏముంది? కొత్తవి వచ్చినప్పుడు ఎమ్20 ఓనర్లు ధర పడిపోతుందని భయపడలేదు. ఆగినప్పుడు మాత్రం పార్టుల గురించి భయపడ్డారు. గ్రమ్మన్ టైగర్ అనే చిన్న విమానం కథ ఇంకా విచిత్రం. 1979లో ఆగింది, అమెరికన్ జనరల్ అనే కంపెనీ 1990లో మళ్లీ మొదలెట్టి 1993లో ఆపింది, వెస్ట్ వర్జీనియాలో ఇంకో కంపెనీ మళ్లీ ప్రయత్నించి 2006 నాటికి చేతులెత్తేసింది, తీరా తయారైనవి పదుల్లోనే. మన 172 కంటే వేగమైన, నడపడానికి సరదా అయిన విమానం అది. మూడుసార్లు పుట్టినా పాత టైగర్ల రేటుని దించేంత సరుకు ఎప్పుడూ రాలేదు. సెస్నా వరకే చూసినా 152, కార్డినల్, 210 మోడళ్లు, వీటిని మళ్లీ మొదలెట్టనే లేదు, ఒక మంచి 210 కోసం ఈరోజు జనం పెట్టే డబ్బు చూస్తే ఇక తయారీ లేకపోయినా ధర నిలబడుతుందని తెలుస్తుంది. కాబట్టి కొత్తవి వస్తే పాతవి దిగుతాయి, ఆగితే పెరుగుతాయి అనే సూత్రం రెండువైపులా పనికిరాదు.

మరి పాత చిన్న విమానాల రేటు దిగేది ఎప్పుడంటారా? కొనేవాడి జేబు ఎండినప్పుడు. 2008 తర్వాత దిగాయి, అప్పుడు ఇండిపెండెన్స్ ఫ్యాక్టరీ కూడా ఉత్పత్తి తగ్గించుకుంది, అంటే కొత్తవి తగ్గాయి, పాతవీ తగ్గాయి, రెండూ కలిసే దిగాయి. వడ్డీలు పెరిగితే కొంచెం మెత్తబడతాయి. స్కూళ్లు మూతపడి ఒకేసారి పదేసి విమానాలు వదిలించుకున్నప్పుడు ఆ చుట్టుపక్కల ఎస్‌ల మీద బేరం కుదురుతుంది, కాకపోతే అవి పదివేల గంటలు విద్యార్థుల ల్యాండింగ్‌లు తిన్న విమానాలు, ముక్కు చక్రం దగ్గర, ఇంజిన్ వెనకున్న లోహపు గోడ (ఫైర్‌వాల్) ముడతలు పడిందేమో చూడకుండా చెక్కు రాయొద్దు.

కొనే పద్ధతి గురించి రెండు మాటలు, ఎందుకంటే ఈ రేట్లలో మోసపోతే మామూలుగా తగలదు. ట్రేడ్-ఎ-ప్లేన్, కంట్రోలర్, బార్న్‌స్టార్మర్స్ లాంటి విమానాల ప్రకటనల సైట్లలో కనబడేది అడిగే రేటు, అమ్ముడైన రేటు కాదు. ఒకే ప్రకటన నెలల తరబడి కదలకుండా ఉందంటే ఆ రేటుకి ఎవరూ కొనడం లేదని అర్థం. విమానాన్ని ఎప్పుడూ చూసుకునే షాపుతో కాకుండా, దానితో సంబంధం లేని మెకానిక్‌తో కొనేముందు తనిఖీ (ప్రీ-బై) చేయించండి. మేం ఇష్టపడి దాదాపు ఖాయం చేసుకున్న ఒక ఎన్, సముద్రం దగ్గర ఏళ్ల తరబడి ఉన్నది, బయటికి అద్దంలా మెరుస్తోంది, రెక్క లోపల కెమెరా పెడితే బూడిద రంగు పొడి, అంటే తుప్పు. 1986కి ముందువాటిలో చాలావాటికి లోపల ప్రైమర్ ఉండదు, అందుకే ఎక్కడ బతికిందన్నది ఎన్ని గంటలు ఎగిరిందన్నదాని కంటే ముఖ్యం. అరిజోనా, న్యూమెక్సికో, పశ్చిమ టెక్సస్ విమానాలకి ఇంకో అయిదారు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. సీటు జారే పట్టాల గురించి ఎఫ్‌ఏఏ ఇచ్చిన ఏడీ (తప్పక పాటించాల్సిన భద్రతా ఉత్తర్వు) అమలు చేశారో లేదో చూడండి, టేకాఫ్‌లో సీటు వెనక్కి జారిన ప్రమాదాలు ఉత్త కథలు కావు. టైటిల్ సెర్చ్ చేయించండి, విమానాల రిజిస్ట్రీ అంతా ఓక్లహోమా సిటీలో ఎఫ్‌ఏఏ దగ్గర ఉంటుంది, పాత అప్పులు ఏవైనా ఉంటే అక్కడే బయటపడతాయి. విమానం ఎక్కడుందో తనంతట తాను ప్రసారం చేసే ఏడీఎస్-బీ అవుట్ పెట్టించి ఉండాలి, 2020 జనవరి 1 నుంచి పెద్ద నగరాల ఎయిర్‌స్పేస్‌లోకి వెళ్లాలంటే అది తప్పనిసరి, డాలస్ చుట్టుపక్కల అది లేకుండా తిరగడం నరకం.

ఇండియా నుంచి కూడా అడుగుతుంటారు, అమెరికాలో చవగ్గా కొని హైదరాబాద్ తెచ్చుకోవచ్చా అని. బేగంపేటలో స్కూలు విమానాల్ని చూసి పుట్టిన కోరిక అది, నాకూ అక్కడే పుట్టింది. కానీ దిగుమతి, విమానయాన శాఖ డీజీసీఏ కాగితాలు, విమాన పెట్రోలు అవ్‌గ్యాస్ దొరికే చోట్లు, నిలబెట్టుకునే చోటు, ఇవన్నీ చూస్తే అక్కడ సొంత 172 కంటే క్లబ్బు గంటలే నయం. సెలవుల్లో ఇక్కడికొచ్చి ఎవరి పక్కనో కూర్చుని తిరగండి, పెట్రోలు వాటా ఇస్తే చాలు.

ఎవరికి ఏది అంటే: ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత), ఆపైన కమర్షియల్ అని పోయేవాళ్లు, నెలకి ఎక్కువ గంటలు తిప్పేవాళ్లు, నలుగురైదుగురు కలిసి కొనేవాళ్లు అయితే స్టీమ్ గేజ్‌ల 172ఎస్ చూడండి, లేదా ఇంకా బేరం కావాలంటే 172ఆర్. సొంత డబ్బుతో, వారాంతాల్లో, రెండొందల మైళ్ల లోపు తిరిగేవాళ్లకి 172ఎన్, ఎక్కడ బతికిందో తెలిసినది, వారంవారం ఎగురుతున్నది. అరగంట దూరంలో ఉన్న కొత్త మెరిసే ఎస్ ఎంతకి పోతుందో మర్చిపోండి, ఈ ఎన్‌కి ఓవర్‌హాల్, రంగు, ప్యానెల్ పనులు ఎంతవుతాయో కాగితం మీద రాసి, అవన్నీ చేసిన ఇంకో ఎన్ అమ్ముడైన రేట్లోంచి ఆ మొత్తం తీసేయండి. మిగిలిందే మీ ఆఫర్. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి, ఇలాంటివి వేలల్లో తయారయ్యాయి.

డబ్బు కట్టేముందు హ్యాంగర్ సంగతి చూసుకోండి. మా వైపు చాలా ఎయిర్‌పోర్టుల్లో వెయిటింగ్ లిస్టు ఏళ్లలో ఉంది, వడగళ్ల సీజన్ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది, బయట నిలబెట్టిన విమానం రెక్కల మీద గుంటలు పడితే ఇన్సూరెన్స్ వాడితో మాట్లాడడం ఇంకో రివ్యూకి సరిపడా కథ.